బోస్కోన్: చిన్నదవ్వాలని పట్టుబట్టిన సభ

సైన్స్ ఫిక్షన్ చదివేవాళ్ళంతా ఏడాదికోసారి ఒక హోటల్లో పోగై, రెండు మూడు రోజులు అదే గోల మాట్లాడుకుని ఇంటికెళ్ళే అలవాటు అమెరికాలో మొదలై ఎనభై ఏళ్ళ పైమాటే. వీటిని కన్వెన్షన్లు అంటారు, ముద్దుగా 'కాన్'. ప్రపంచస్థాయిది వరల్డ్‌కాన్, అది ఏటా ఒక ఊరికి తరలిపోతుంటుంది. అది కాక చాలా పెద్ద ఊళ్ళకి తమదంటూ ఒక సభ ఉంటుంది. ఈ సభల చరిత్రలు దాదాపు ఒకే మూసలో ఉంటాయి. పదిమందితో మొదలైంది, వందలైంది, వేలైంది, జైహింద్! వాటిలో నాకు బాగా నచ్చింది మాత్రం బోస్టన్ వాళ్ళ 'బోస్కోన్' చరిత్ర. వేలల్లోకి వెళ్ళాక, అక్కణ్ణుంచి కావాలని వెనక్కి నడిచిన సభ ఇది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి స్కేల్ అవ్వడమే మోక్షం కాబట్టి, ఇలాంటి పని చేసినవాళ్ళు కనబడితే ఎందుకు చేశారా అని ఆరా తీయబుద్ధవుతుంది.

ముందు ఆ పేరేంటో చెప్పాలి. ఇ.ఇ. 'డాక్' స్మిత్ అని ఒకాయన ఉండేవారు. చదివింది కెమికల్ ఇంజినీరింగులో డాక్టరేటు, చేసిన ఉద్యోగం డోనట్ పిండి మిశ్రమాలు తయారుచేయడం, ఖాళీ దొరికితే రాసింది పాలపుంతల మధ్య యుద్ధాలు. (ఉద్యోగానికీ అభిరుచికీ ఇంత దూరం ఉన్న మనిషిని చూస్తే నాకెందుకో ధైర్యంగా ఉంటుంది.) ఆయన 'లెన్స్‌మన్' నవలల్లో నక్షత్రాల మధ్య దోపిడీలు చేసే ఒక దుష్ట ముఠా ఉంది, దాని పేరు బోస్కోన్. బోస్టన్‌లో జరిగే కాన్ అన్నదాన్ని కుదించి పలికితే ఇంచుమించు అదే వినిపిస్తుంది కదా, కుర్రాళ్ళు సరదాపడి ఆ పేరే ఖాయం చేసుకున్నారు. మనవాళ్ళెవరైనా సాహితీ సభకి 'నేపాళ మాంత్రికుడు' అని పేరు పెట్టుకోవడం లాంటిదన్నమాట. ఈ పేరు యాభై ఏళ్ళ తర్వాత ఇంకో చమత్కారానికి పనికొచ్చింది, అక్కడికొచ్చినప్పుడు చెప్తాను.

అసలు ఈ సభల పుట్టుకలోనే ఒక పేచీ ఉంది. మొట్టమొదటి వరల్డ్‌కాన్ 1939 జూలైలో న్యూయార్కులో జరిగింది. వచ్చింది రెండొందల మంది. అందులోనే గొడవ! ఫ్యూచరియన్లు అనే కుర్రాళ్ళ జట్టులో ఆరుగుర్ని నిర్వాహకులు గుమ్మం దగ్గరే ఆపేశారు, లోపలికొస్తే రాజకీయ కరపత్రాలు పంచి సభ పాడుచేస్తారని. ఆ ఆరుగురిలో ఫ్రెడరిక్ పోల్ ఉన్నాడు, సిరిల్ కార్న్‌బ్లూత్ ఉన్నాడు. అదే జట్టువాడైన ఐజాక్ అసిమోవ్ మాత్రం ఎలాగో లోపలికెళ్ళి కూర్చున్నాడు. ఎవర్ని రానివ్వాలి, ఎవర్ని వద్దనాలి అన్న తగువు కొత్తదేం కాదని చెప్పడానికే ఇదంతా. ఈ పేర్లు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాయి.

ఆ మరుసటి ఏడాది, 1940లో, బోస్టన్ పక్కనే ఉన్న కేంబ్రిడ్జిలో 'స్ట్రేంజర్ క్లబ్' అని ఒకటి పుట్టింది. దాని ముఖ్యుల్లో లూయీ రసెల్ షోవెనే ఒకడు. పదేళ్ళ వయసులో జబ్బు చేసి వినికిడి పోయింది. చదరంగంలో దిట్ట, 1959లో అమెరికా అమెచ్యూర్ ఛాంపియన్ కూడా అయ్యాడు. అభిమానులు సొంతంగా అచ్చేసుకునే చిన్నపత్రికలకి 'ఫ్యాన్‌జీన్' అన్న మాట పుట్టించింది ఈయనే, 1940 అక్టోబరులో. చెవులతో వినలేని మనిషికి ఉత్తరాలూ పత్రికలే కచేరీ సావడి అయ్యుంటాయని నా ఊహ. 1941 ఫిబ్రవరిలో ఈ క్లబ్బు వాళ్ళే మొదటి బోస్కోన్ పెట్టారు. ఒక హోటలు గదిలో ఇమిడిపోయేంత గుంపు. యుద్ధం రోజుల్లో కూడా ఎలాగోలా లాక్కొచ్చి, 1945 తర్వాత ఆపేశారు. ఇరవై ఏళ్ళపాటు బోస్కోన్ ఊసే లేదు.

మళ్ళీ 1965లో మొదలైంది. ఈసారి కారణం పక్కా వ్యవహారం. బోస్టన్ కుర్రాళ్ళకి 1967 వరల్డ్‌కాన్‌ని తమ ఊరికి తెచ్చుకోవాలని కోరిక. పెద్ద సభ కావాలంటే ముందు చిన్నది నడిపి చూపించాలి కదా, అందుకని పాత పేరు దులిపి బయటకి తీశారు. ఓట్లలో ఆ వరల్డ్‌కాన్ న్యూయార్కుకి పోయింది. ఉత్సాహం మాత్రం పోలేదు, 1967లో 'న్యూ ఇంగ్లాండ్ సైన్స్ ఫిక్షన్ అసోసియేషన్' పెట్టుకున్నారు. పొట్టిగా నెస్ఫా. అప్పట్నుంచి ఇప్పటిదాకా బోస్కోన్ నడిపేది వీళ్ళే.

ఈ కుర్రాళ్ళలో చాలామంది ఎమ్.ఐ.టి. చుట్టుపక్కల వాళ్ళు. అక్కడ విద్యార్థుల సైన్స్ ఫిక్షన్ సంఘం 1949 నుంచీ ఉంది, దాని గ్రంథాలయం చాలా పేరున్నది. 1962లో అదే ఎమ్.ఐ.టి.లో స్టీవ్ రసెల్, అతని స్నేహితులు పీడీపీ-1 మీద 'స్పేస్‌వార్' అనే ఆట రాశారు, కంప్యూటర్ ఆటలకి అది ముత్తాత. ఆ ఆట ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా అంటే డాక్ స్మిత్ నవలల్లోంచి! ఊరి సభకి పేరిచ్చిన పుస్తకాలే మా వృత్తిలో సరదా అన్నదానికి పునాది వేశాయి. ఈ సంగతి మా ఆఫీసులో చెప్తే ఎవరూ పెద్దగా చలించలేదు, అది వేరే విషయం.

ఎమ్.ఐ.టి. వాళ్ళ గురించి ఇంకో కథ చెప్పకుండా ముందుకెళ్ళలేను. 1970లో లారీ నివెన్ 'రింగ్‌వరల్డ్' నవల వచ్చింది. నక్షత్రం చుట్టూ గాజులాగా ఒక బ్రహ్మాండమైన వలయం, దాని లోపలి గోడమీద మనుషులు ఉంటారు. 1971లో బోస్టన్‌కి ఎట్టకేలకి వరల్డ్‌కాన్ దక్కింది, పేరు నోరియాస్కాన్. అక్కడ హోటలు వరండాల్లో ఎమ్.ఐ.టి. విద్యార్థులు తిరుగుతూ, రింగ్‌వరల్డ్ నిలవదు అని కోరస్‌గా అరిచారు. వాళ్ళు చెప్పింది నిజమే. గ్రహమైతే కక్ష్యలో తన దారిన తను తిరుగుతుంది. గట్టి వలయం అలా కాదు, నక్షత్రం సరిగ్గా మధ్యలోంచి కాస్త పక్కకి జరిగిందంటే జరిగిన వైపే లాగుడు ఎక్కువై, చివరికి వెళ్ళి గుద్దుకుంటుంది. ఇంకో రచయితయితే కథే కదా అని ఊరుకునేవాడు. నివెన్ మాత్రం వలయాన్ని సరిచేసే జెట్లు పెట్టి ఇంకో నవలే రాశాడు. బగ్ రిపోర్టు వరండాలో అరిచి చెప్తే రెండో వెర్షన్‌లో సరిచేయడం అంటే ఇదే :)

రచయిత స్టేజి మీదా, పాఠకులు కుర్చీల్లోనూ ఉండే సభలో ఇది జరగదు. ఈ కాన్‌లలో కట్టే డబ్బుని టిక్కెట్టు అనరు, సభ్యత్వం అంటారు. వచ్చినవాళ్ళంతా సభ్యులే, ప్రేక్షకులు ఎవరూ లేరు. నడిపేవాళ్ళకి జీతాల్లేవు. కుర్చీలు మోసేదీ, బొమ్మల ప్రదర్శనకి అట్టలు నిలబెట్టేదీ, పుస్తకాల దుకాణాలకి బల్లలు వేసేదీ, అతిథి రచయితని విమానాశ్రయం నుంచి తెచ్చేదీ అందరూ సెలవు పెట్టుకుని వచ్చినవాళ్ళే. బోస్కోన్‌కి ఇంకో ప్రత్యేకత హాల్ క్లెమెంట్ లాంటి స్థానికులు. ఆయన బోస్టన్ దగ్గర హైస్కూల్లో సైన్సు మాస్టారు, భూమికన్నా వందలరెట్లు గురుత్వాకర్షణ ఉన్న గ్రహం మీద నవల రాసిన మనిషి. కుర్రాళ్ళతో కూర్చుని లెక్కలు వాదించేవారు.

మరి హోటలు వాళ్ళు ఎందుకు చోటిస్తారు? ఇక్కడో చిన్న ఆర్థికశాస్త్రం ఉంది. ఫిబ్రవరిలో బోస్టన్ అంటే మంచు. పైగా బోస్కోన్ జరిగేది ప్రెసిడెంట్స్ డే సెలవుతో కలిసొచ్చే వారాంతంలో, అంటే ఆఫీసు పనులమీద వచ్చేవాళ్ళు కూడా ఉండరు. హోటలు ఖాళీ. మీ వాళ్ళతో ఇన్ని గదులు నింపండి, సభకి హాళ్ళు చవగ్గానో ఊరికేనో ఇస్తాం అని ఒప్పందం. నాలుగొందల మందికైనా, వెయ్యిమందికైనా ఈ లెక్క చక్కగా కుదురుతుంది. గదికి ఇద్దరు కాకుండా ఎనిమిదిమంది పడుకుని, అసలు గదే తీసుకోని వాళ్ళు తెల్లవార్లూ మెట్లమీద తిరుగుతుంటే మాత్రం తలకిందులౌతుంది.

1977లో 'స్టార్ వార్స్' వచ్చాక అమెరికాలో ఈ సభలన్నీ పొంగాయి. 1980లో బోస్టన్‌లోనే రెండో నోరియాస్కాన్ అయిదువేలు దాటింది. బోస్కోన్ కూడా ఏడాదికేడాది ఉబ్బుతూ వచ్చి, 1987లో షెరటన్ హోటల్లో జరిగిన 24వ సభకి నాలుగువేల పైచిలుకు జనం వచ్చారు. పుస్తకాలతో గానీ చర్చలతో గానీ సంబంధం లేకుండా, ఊళ్ళో రాత్రి పార్టీలు ఎక్కడో కనుక్కుని వచ్చినవాళ్ళు బోలెడంత మంది. అప్పట్నుంచి అభిమానులు ఆ ఏడాది సభని 'నరకపు బోస్కోన్' అని పిలుస్తారంటే మీరే ఊహించుకోండి. హోటలు వాళ్ళు దణ్ణం పెట్టి, వచ్చే ఏడాది ఇక్కడికి రావద్దన్నారు.

మా కాలేజీలో ఒక క్విజ్ క్లబ్బు ఉండేది. శుక్రవారం సాయంత్రం ముప్ఫైమంది, ఒక ప్రొజెక్టరు, టీ, సమోసా. దానికి ఒక ఏడాది స్పాన్సర్లు దొరికారు. ఇంకో ఏడాదికి డీజే వచ్చాడు. ఆ తర్వాతి ఏడాది రాత్రి పదకొండింటికి పోలీసు జీపు వచ్చింది. మర్నాడు ప్రిన్సిపాల్ గారు రద్దు చేసినవాటిలో డీజేతో పాటు క్విజ్ కూడా ఉంది. ఎవరిదో ఆట, ఎవరికో శిక్ష. అందుకే 1987 తర్వాత నెస్ఫా వాళ్ళ స్థితి నాకు కాస్త అర్థమౌతుంది.

వాళ్ళ ఇబ్బంది మా క్విజ్ క్లబ్బుకన్నా పెద్దది. 1989 వరల్డ్‌కాన్ బోస్టన్‌కి అప్పటికే ఖాయమైపోయింది, ఈ సభలకి ఊరిని మూడేళ్ళ ముందు ఎన్నుకునేవాళ్ళు మరి. దాన్ని నడిపేది పేరుకి వేరే సంస్థ, మనుషులు మాత్రం చాలావరకు వీళ్ళే. అది జరగాల్సింది కూడా ఆ చుట్టుపక్కలే, అదే షెరటన్‌ని నమ్ముకుని. బోస్కోన్ వల్ల హోటళ్ళతో పూర్తిగా చెడిందంటే ఏడువేలమంది వచ్చే సభ రోడ్డున పడుతుంది.

వాళ్ళు చేసిన పని ఇది. 1988 బోస్కోన్‌ని బోస్టన్ నుంచి ఎత్తేసి నూట నలభై కిలోమీటర్లు పడమరగా ఉన్న స్ప్రింగ్‌ఫీల్డుకి తీసుకుపోయారు. బాస్కెట్‌బాల్ పుట్టిన ఊరు అది, చెప్పుకోడానికి ఇంకేం పెద్దగా లేవు. సరదాకి సిటీ రైలెక్కి వచ్చేవాళ్ళకి అందని దూరం. దాంతోపాటు సినిమాలు, వేషాల పోటీ, ఆటల గదులు లాంటివి కత్తిరించి, ఇది పుస్తకాల సభ, కావాలంటే బొమ్మలూ సైన్సూ ఉంటాయి అని తేల్చి చెప్పారు. జనం సగానికన్నా బాగా తగ్గిపోయారు. తగ్గాలనే కదా చేసింది. జీతాల్లేని నిర్వాహకులు ఏడాదంతా కష్టపడి, తమ సభకి జనం తగ్గినందుకు ఊపిరి పీల్చుకోవడం నేను ఇంకెక్కడా చదవలేదు.

ఇక్కడ నాకు వాళ్ళమీద ఒక ఫిర్యాదు ఉంది. జనాన్ని తగ్గించడం సరే, కానీ కత్తి ఎవరిమీద పడింది? రాత్రంతా తాగి వరండాల్లో తిరిగినవాడికి స్ప్రింగ్‌ఫీల్డు లేకపోతే ఇంకో పార్టీ దొరుకుతుంది. ఆర్నెల్లు కూర్చుని వేషం కుట్టుకున్న అమ్మాయికి మాత్రం ఆ స్టేజి పోయింది. పైగా వేషాలు ఎక్కడో సినిమాల నుంచి కొత్తగా వచ్చిపడ్డ జాడ్యం కాదు. 1939లో ఆ మొట్టమొదటి వరల్డ్‌కాన్‌కే ఫారెస్ట్ అకర్మన్, మర్టిల్ డగ్లస్ భవిష్యత్ కాలపు దుస్తులు వేసుకుని వచ్చారు. రెండూ కుట్టింది ఆవిడే. అంటే ఫ్యాన్‌జీన్ అనే మాటకన్నా వేషం ఏడాది పాతది! పుస్తకం అసలుది, వేషం పైపూత అనే వాదం చరిత్రలో నిలవదు.

అయితే రెండో వైపు కూడా ఒక మాట ఉంది, దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. ఆ సభని మోస్తున్నది కొద్దిమంది. వాళ్ళు చేస్తున్నది సేవ కాదు, సరదా. ఆ సరదా పోయాక, నాలుగువేల మందికి కాపలా కాసే ఉద్యోగం మాత్రం మిగిలితే, వాళ్ళు ఎందుకు చెయ్యాలి? ఎవరికోసం చెయ్యాలి? వాళ్ళు మొత్తంగా మూసేసి ఇంటికి పోవచ్చు, అది ఎవరూ తప్పనరు. దానికి బదులు తాము ఏది నడపగలరో, ఏది నడపాలనుందో అంత మేరకి కోసుకున్నారు. మిగతాది వేరేవాళ్ళు పెట్టుకోవచ్చు అని వదిలేశారు.

వేరేవాళ్ళు పెట్టుకున్నారు కూడా. 1989లో ఒక కొత్త సంస్థ ఏర్పడి, 1990లో బోస్టన్‌లో కొత్త సభ మొదలుపెట్టింది. సినిమాలు, వేషాలు, ఆటలు, పుస్తకాలు అన్నీ ఉంటాయన్నారు. ఇప్పుడా చమత్కారం. లెన్స్‌మన్ నవలల్లో బోస్కోన్ ముఠాకి వ్యతిరేకంగా మంచివాళ్ళ వెనక ఉండి నడిపించే గ్రహం ఒకటుంది, దాని పేరు ఆరీషియా. కొత్త సభకి వాళ్ళు పెట్టిన పేరు అదే! సరదాకి విలన్ పేరు పెట్టుకున్న పాపానికి, యాభై ఏళ్ళకి హీరో వచ్చి ఎదురింట్లో దిగాడు. తానా ఉండగా ఆటా వచ్చిన సంగతి తెలిసిన మనవాళ్ళకి ఇదేం వింతగా ఉండదు గానీ, మనవాళ్ళకి పేర్లలో ఇంత హాస్యం తట్టలేదు. ఆరీషియా పెరిగి పెరిగి మూడువేలు కూడా దాటింది. అంటే బోస్కోన్ వద్దనుకున్న జనం ఎక్కడికీ పోలేదు, నెల తేడాతో ఇంకో హోటల్లో ఉన్నారు.

ఇంతకీ 1989 వరల్డ్‌కాన్ ఏమైంది? బ్రహ్మాండంగా జరిగింది. దానికి ముఖ్య అతిథులుగా పిలిచినవాళ్ళలో ఆండ్రీ నార్టన్ లాంటి పెద్ద రచయిత్రితో పాటు అభిమానుల తరఫున ఒక మనిషిని కాదు, ఒక సంఘాన్నే పిలిచారు. స్ట్రేంజర్ క్లబ్! 1941లో హోటలు గదిలో కూర్చున్న ఆ గుంపులో మిగిలినవాళ్ళు, తెల్లబడ్డ జుట్టుతో, ఏడువేలమంది ముందుకి వచ్చారు.

చిన్నదైన బోస్కోన్ ఏం చేసిందంటే, పుస్తకాలు వేసింది. నెస్ఫాకి సొమర్విల్‌లో సొంత క్లబ్బుహౌసు ఉంది, సొంత ప్రచురణ సంస్థ ఉంది. ఏటా బోస్కోన్‌కి వచ్చే ముఖ్య అతిథి పుస్తకం ఒకటి వేసే అలవాటు పాతదే. దానికి తోడు, 1990ల్లో మార్కెట్లో దొరక్కుండా పోయిన పాత రచయితల్ని మొత్తంగా అచ్చువేయడం మొదలుపెట్టారు. కార్డ్‌వైనర్ స్మిత్ కథలన్నీ 1993లో, జెన్నా హెండర్సన్ కథలు 1995లో వచ్చాయి. గట్టి అట్ట, మంచి కాగితం. 1997లో కార్న్‌బ్లూత్ కథల సంపుటి వేశారు. అవును, 1939లో గుమ్మంలో ఆపేసిన ఆరుగురిలో ఒకడు. చిన్నవయసులోనే, 1958లో చనిపోయాడు పాపం. ఇంకో 'నిషిద్ధుడు' పోల్‌కి కూడా బోస్టన్ వాళ్ళు ముందే మర్యాద చేశారు. డాక్ స్మిత్ 1965లో చనిపోతే ఆయన పేరుమీద 1966లో స్కైలార్క్ అనే పురస్కారం మొదలుపెట్టారు, మొదటిది పోల్‌కి, రెండోది అసిమోవ్‌కి. ఒకడు గుమ్మం బయట ఆగిపోయినవాడు, ఒకడు లోపలికి దూరిపోయినవాడు.

ఆ పురస్కారం ఒక పెద్ద లెన్సు, లెన్స్‌మన్ కదా. నిజమైన భూతద్దం. 1990లో జేన్ యోలెన్‌కి వచ్చింది. ఆవిడ ఇంట్లో పెట్టుకుంటే, దాంట్లోంచి ఎండ పడి మంచి కోటు కాస్తా కాలిపోయింది! అప్పట్నుంచి ఆవిడ కొత్తగా పురస్కారం తీసుకున్నవాళ్ళకి ఆ లెన్సుని ఎండ తగలని చోట పెట్టుకోమని స్టేజి మీదే హెచ్చరించడం ఒక ఆనవాయితీ అయిపోయింది. నాలుగువేలమంది సభలో ఇలాంటి ఆనవాయితీలు నిలబడవని నా అనుమానం. ఏటా అదే జోకుకి నవ్వాలంటే పోయినేడు విన్నవాళ్ళు మళ్ళీ రావాలి కదా.

స్ప్రింగ్‌ఫీల్డులో కొన్నేళ్ళున్నాక బోస్కోన్ మెల్లగా తూర్పుకి జరిగింది. 1990ల్లో బోస్టన్‌కి కాస్త దగ్గర్లో ఫ్రేమింగ్‌హామ్‌లో జరిగింది. 2003లో మళ్ళీ బోస్టన్ నగరంలోకి వచ్చింది, అది కూడా ఎక్కడికో కాదు, షెరటన్‌కే. పదహారేళ్ళు పట్టింది. ఈసారి వచ్చినవాళ్ళు వెయ్యి చిల్లర, పెద్దవయసు వాళ్ళు ఎక్కువ, రాత్రి త్వరగా నిద్రపోయే రకం. చిన్నగా ఉండడంలో ఉన్న చిక్కు కూడా అదే, కొత్త కుర్రాళ్ళు అటు ఆరీషియా వైపు వెళ్ళిపోయారు.

పెద్దగా ఉండడంలో చిక్కు ఆరీషియాకి 2018లో ఎదురైంది. వేధింపుల ఫిర్యాదుల్ని నిర్వాహకులు సరిగా పట్టించుకోలేదని ఒక సభ్యురాలు బయటపెట్టింది. పిలిచిన అతిథులు మేం రామన్నారు, నాయకత్వం మారింది, నియమాలు తిరగరాసుకున్నారు. అదే సమయంలో హోటలు కార్మికుల సమ్మె. అన్నీ దాటుకుని 2019 సభ వేరే హోటల్లో జరిపారు. 2021లో కోవిడ్ వల్ల బోస్కోన్ కంప్యూటర్ తెరలమీదే జరిగింది, తర్వాత మళ్ళీ హోటలుకి వచ్చింది.

ఇప్పుడు బోస్టన్‌లో జనవరి మధ్యలో మార్టిన్ లూథర్ కింగ్ సెలవుకి ఆరీషియా, నెల తిరక్కుండా ఫిబ్రవరిలో బోస్కోన్. రెండింటికీ సభ్యత్వం కట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు, మొదటిదానికి కుట్టిన వేషం పెట్టెలో సర్దుకుని, రెండోదానికి చదవాల్సిన పుస్తకాల జాబితా తీసుకుని.